‘వాడంతే!’ అనకండి

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మొక్కై వంగనిది మానై వంగదనీ అంటారు. మనిషి స్వభావం నిజంగా అంత గట్టిదా? ఎక్కడికెళ్లినా, ఎవరితో ఉన్నా మారనిదా? ఈ ప్రశ్న పట్టుకుని ఆరు దశాబ్దాలు పనిచేశారు వాల్టర్ మిషెల్. చాక్లెట్లూ బిస్కెట్లూ ముందుపెట్టి పసిపిల్లల మనసు చదివిన ఈ శాస్త్రవేత్త, వ్యక్తిత్వం గురించి పండితులు నమ్ముతూ వచ్చిన చాలా మాటల్ని తిరగరాయించారు.

ఇంటికి చుట్టాలొస్తే పిల్లల పరిచయం ఎలా మొదలవుతుంది? ‘పెద్దోడు బుద్ధిమంతుడు. చిన్నోడే... ఒట్టి మొండి. ఇక అమ్మాయంటారా, దానికి ఓపిక సున్నా!’ పిల్లలు పక్కనే నిలబడి అంతా వింటూ ఉంటారు. ఆ ‘మొండి’ పిల్లాడే బళ్లో టీచరు మాట జవదాటడనీ, ఆ ‘ఓపిక లేని’ అమ్మాయే ముగ్గు ముందు గంటలకొద్దీ కూర్చుంటుందనీ ఆ క్షణంలో ఎవరికీ గుర్తురాదు. ఒక్క ముక్కలో మనిషిని తేల్చేయడం మనకు అలవాటు.

ఇరవయ్యో శతాబ్దం మధ్యనాటికి మనస్తత్వ శాస్త్రంలో పెద్దపెద్దవాళ్లు చేస్తున్నదీ దాదాపు ఇదే. కాకపోతే వాళ్లు ప్రశ్నపత్రాలిచ్చి, మార్కులేసి మరీ చెప్పేవారు. ఇతను నిజాయతీపరుడు, ఇతను దూకుడు మనిషి, ఈమె పిరికిది అని. ఒకసారి ముద్ర పడిందంటే ఆ మనిషి ఇంట్లోనూ ఆఫీసులోనూ ఆటస్థలంలోనూ అలాగే ఉంటాడని వారి నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారాలేవని నిలదీసినవాడు మిషెల్. అందుకు ఆయన సొంత జీవితమే తొలి పాఠం.

అమ్మానాన్నలే మారిపోయారు!
మిషెల్ 1930 ఫిబ్రవరి 22న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టారు. మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ ఇల్లు వాళ్లింటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. కలిగిన యూదు కుటుంబం, సాఫీగా సాగే జీవితం. 1938 మార్చిలో హిట్లర్ సేనలు ఆస్ట్రియాలో అడుగుపెట్టడంతో అదంతా తలకిందులైంది. యూదులు ప్రాణాలు దక్కించుకోవాలంటే దేశం వదలాల్సిందే. అలాంటి సమయంలో ఇంట్లోని పాత కాగితాల్లోంచి ఓ పత్రం బయటపడింది. ఏనాడో చనిపోయిన తాతకు (అమ్మ తండ్రికి) ఒకప్పుడు వచ్చిన అమెరికా పౌరసత్వ పత్రమది. ఆ కాగితమే ఆ కుటుంబాన్ని ఒడ్డున పడేసింది. చివరికి వాళ్లు న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్ చేరుకుని ఓ చిన్న చిల్లర సామాన్ల దుకాణం పెట్టుకున్నారు.

అక్కడ పిల్లాడి కళ్లముందే ఓ వింత జరిగింది. వియన్నాలో సుఖంగా బతికినప్పుడు అమ్మ నలతగా, దిగులుగా ఉండేది. నాన్న ఉల్లాసంగా ఉండేవాడు. బ్రూక్లిన్‌కు వచ్చాక లెక్క తిరగబడింది. కష్టాల్లో అమ్మ రాటుదేలి సంసారాన్ని భుజానికెత్తుకుంది. ఉన్నదంతా పోగొట్టుకున్న నాన్న డీలాపడిపోయాడు. మనుషులు వాళ్లే. మారిందల్లా చుట్టూ ఉన్న పరిస్థితి. పరిస్థితి మారితే మనిషిలోంచి కొత్త మనిషి బయటికొస్తాడన్న సంగతి వాల్టర్‌కు చిన్నప్పుడే అలా అర్థమైంది.

చదువుకుంటూనే చిన్నాచితకా పనులు చేశాడా అబ్బాయి. సామాన్లు మోశాడు, లిఫ్టు నడిపాడు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ, సిటీ కాలేజీలో మాస్టర్స్ పూర్తిచేశాడు. అదే సమయంలో న్యూయార్క్‌లోని పేదల వాడల్లో సామాజిక కార్యకర్తగా పనిచేశాడు. నేరాల బాట పట్టిన కుర్రాళ్లను దారిలో పెట్టడం ఆ ఉద్యోగం. తమ పొరుగువాడైన ఫ్రాయిడ్ సిద్ధాంతాలంటే అప్పట్లో మిషెల్‌కు వల్లమాలిన ఇష్టం. తీరా ఆ కుర్రాళ్ల మధ్య కూర్చున్నాక అవి ఎందుకూ కొరగాలేదు. దాంతో మనసును కొలిచి చూసే పద్ధతులు నేర్చుకోవాలని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరి 1956లో పీహెచ్‌డీ పట్టా అందుకున్నారు. జార్జి కెల్లీ, జూలియన్ రాటర్ అక్కడ ఆయన గురువులు. మనిషి లోకాన్ని ఎలా అర్థం చేసుకుంటాడు, ఏం ఆశిస్తాడు అన్నదాన్నిబట్టే అతని నడత ఉంటుందని నమ్మినవాళ్లు వాళ్లిద్దరూ.

ట్రినిడాడ్‌లో మనవాళ్లు
పీహెచ్‌డీ రోజుల్లోనే వేసవి సెలవులకు కరీబియన్ దీవి ట్రినిడాడ్ వెళ్లారు మిషెల్. వెళ్లింది పూనకాల మీద పరిశోధనకు. కానీ అక్కడ ఆయన దృష్టిని ఇంకోటి లాగేసింది. ఆ ఊళ్లో రెండు వర్గాలవాళ్లు ఉండేవారు. ఒకరు ఆఫ్రికా మూలాలున్నవాళ్లు. మరొకరు చెరకు తోటల్లో పనిచేయడానికి ఒప్పంద కూలీలుగా భారతదేశం నుంచి ఓడలెక్కి వెళ్లినవాళ్ల పిల్లలూ మనవలూ.

‘వాళ్లకు రేపటి ధ్యాసే ఉండదు, ఇవాళ చేతికొచ్చింది ఇవాళే ఖర్చుపెట్టేస్తారు’ అని ఆఫ్రికా సంతతి గురించి భారత సంతతివాళ్లు చెప్పేవారు. ‘వాళ్లకు బతకడమే రాదు, పరుపు కింద డబ్బు దాచుకోవడం తప్ప’ అని వీళ్ల గురించి వాళ్లు చెప్పేవారు. ఎవరి మాట నిజం? ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు మిషెల్ ఓ చిన్న పరీక్ష పెట్టారు. ఇప్పుడే ఓ చిన్న మిఠాయి తీసుకుంటావా, వారం ఆగి పెద్దది తీసుకుంటావా?

భారత సంతతి పిల్లల్లో ఎక్కువమంది ఆగుతామన్నారు. అవతలి వర్గం పిల్లల్లో చాలామంది ఇప్పుడే కావాలన్నారు. అక్కడితో ఆగిపోయుంటే ‘చూశారా, వాళ్లంతే!’ అనే మాటకు శాస్త్రం ముద్ర పడిపోయేదే. మిషెల్ ఇంకాస్త తవ్వారు. ఇంట్లో తండ్రి లేని పిల్లలే ఎక్కువగా ‘ఇప్పుడే’ అంటున్నారని తేలింది. అసలు తేడా జాతిలో కాదు, నమ్మకంలో ఉందని ఆయనకు తోచింది. పెద్దమనిషి ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం చూడని పిల్లాడు, ముక్కూమొహం తెలియని వ్యక్తి వారం తర్వాత మిఠాయి తెస్తానంటే ఎందుకు నమ్ముతాడు? ఈ పరిశోధన 1958లో అచ్చయింది. ఆరు దశాబ్దాల తర్వాత ఇదే మాట మళ్లీ చర్చకు వస్తుందని అప్పుడెవరూ ఊహించి ఉండరు.

పండితుల జోస్యం తప్పింది
కొలరాడోలో రెండేళ్లు, హార్వర్డ్‌లో నాలుగేళ్లు పాఠాలు చెప్పి 1962లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరారు మిషెల్. ఆ మధ్యలో ఆయన చేతికి ఓ పని వచ్చింది. యువతీయువకుల్ని స్వచ్ఛంద సేవకులుగా పేద దేశాలకు పంపడానికి అమెరికా ప్రభుత్వం 1961లో పీస్ కోర్ అనే సంస్థను మొదలుపెట్టింది. నైజీరియాలో బడిపంతుళ్లుగా పనిచేయడానికి వెళ్లేవాళ్లలో ఎవరు రాణిస్తారు, ఎవరు చతికిలపడతారు? నిపుణులు ఇంటర్వ్యూలు చేశారు. బోర్డులు కూర్చుని మార్కులు వేశాయి. బోలెడు ఖర్చయింది. తీరా నైజీరియాలో వాళ్ల పనితీరుతో పోల్చి చూస్తే ఆ నిపుణుల అంచనాలు దాదాపు దేనికీ సరిపోలలేదు. అంతకంటే అభ్యర్థులు తమ గురించి తాము చెప్పుకున్న మామూలు మాటలే కాస్త నయమనిపించాయి! 1965లో ఈ ఫలితాల్ని ప్రకటించారు మిషెల్.

అప్పటికే ఆయనకో సందేహం పట్టుకుంది. వ్యక్తిత్వ సిద్ధాంతాల మీద విద్యార్థులకు పాఠం చెబుదామని పాత పరిశోధనలన్నీ తిరగేస్తుంటే అది ఇంకా పెరిగింది. ఉదాహరణకు 1920ల్లో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు పరిశోధకులు వేలాదిమంది బడిపిల్లల నిజాయతీని పరీక్షించారు. పరీక్షలో కాపీ కొట్టే అవకాశం ఇచ్చారు. ఆటలో దొంగాట ఆడే అవకాశం ఇచ్చారు. డబ్బు నొక్కేసే అవకాశం, అబద్ధం చెప్పే అవకాశం ఇచ్చారు. అన్నిచోట్లా దొంగ, అన్నిచోట్లా దొర అనదగ్గ పిల్లలు బహుతక్కువ. క్లాసులో కాపీ కొట్టినవాడు ఆటలో ధర్మంగా ఆడాడు. డబ్బు ముట్టనివాడు అబద్ధం ఆడాడు.

ఇలాంటివన్నీ గుదిగుచ్చి 1968లో ‘పర్సనాలిటీ అండ్ అసెస్‌మెంట్’ అనే పుస్తకం రాశారు మిషెల్. రెండు విషయాలు అచ్చంగా కలిసి నడిస్తే 1, ఏ సంబంధమూ లేకపోతే సున్నా అని గణాంక శాస్త్రంలో ఓ కొలత ఉంది. వ్యక్తిత్వ పరీక్షలో వచ్చిన మార్కులకూ మనిషి నిజజీవితంలో చేసే పనికీ మధ్య ఆ కొలత 0.3 దాటడం అరుదని ఆయన చూపించారు. అంటే మనుషుల నడతలో కనిపించే తేడాల్లో పదో వంతు కూడా ఆ మార్కులు చెప్పలేవన్నమాట.

ఇంకేముంది, తేనెతుట్టె కదిలింది! ‘వ్యక్తిత్వమే లేదంటాడా?’ అని కొందరు మండిపడ్డారు. ‘మనిషా, పరిస్థితా’ పేరుతో మొదలైన ఆ వాదులాట ఇరవై ఏళ్లు సాగింది. ఎదుటి పక్షంలోనూ బలమైన వాదనలున్నాయి. ఒక్కరోజు ప్రవర్తన చూసి మనిషిని చెప్పలేం కానీ, ఎన్నో రోజుల సగటు తీస్తే స్థిరమైన స్వభావం కనిపిస్తుందని 1979లో సేమూర్ ఎప్‌స్టీన్ నిరూపించారు. ఆ తర్వాత వ్యక్తిత్వాన్ని ఐదు ప్రధాన గుణాలుగా విడదీసి కొలిచే పద్ధతి బలపడి, ఇప్పటికీ పరిశోధనల్లో నిలిచింది. మిషెల్ తాను వ్యక్తిత్వాన్ని కాదనలేదనీ, దాన్ని వెతకాల్సిన చోట వెతకడం లేదన్నదే తన అభ్యంతరమనీ చెబుతూ వచ్చారు. అసలు చోటు ఎక్కడో చూపించడానికి ఆయనకు పాతికేళ్లు పట్టింది.

ఒకటా... రెండా?
ఈలోగా మరో పరిశోధన ఆయన పేరును ప్రపంచమంతా మోగించింది. స్టాన్‌ఫర్డ్ ఆవరణలో 1966లో బింగ్ నర్సరీ బడి మొదలైంది. గది లోపల ఏం జరుగుతుందో పరిశోధకులు బయటినుంచి చూడ్డానికి వీలుగా అక్కడ ఏర్పాట్లుండేవి. మిషెల్ ముగ్గురు కూతుళ్లూ అక్కడే చదివారు. 1968-74 మధ్య ఆ బడిలో 550 మందికి పైగా పిల్లలతో ఆయన బృందం ప్రయోగాలు చేసింది.

నాలుగైదేళ్ల పిల్లల్ని ఒక్కొక్కరినే ఓ గదిలోకి తీసుకెళ్లేవారు. దాని పేరు ‘ఆశ్చర్యాల గది’. బల్లమీద పిల్లలకిష్టమైన తాయిలం ఉండేది. బిస్కెట్టో, పిప్పరమెంటో, మార్ష్‌మాలో అనే దూదిలాంటి మెత్తటి మిఠాయో. పక్కనే ఓ గంట. ‘నేను బయటికెళ్లి వస్తా. అంతదాకా ఆగితే నీకు రెండిస్తా. ఆగలేకపోతే గంట కొట్టు, వచ్చేస్తా. కాకపోతే అప్పుడు ఒకటే’... ఇదీ ఒప్పందం. ఎక్కువలో ఎక్కువ పావుగంట. పెద్దలకు అదో లెక్క కాదు కానీ నాలుగేళ్ల పిల్లలకు అది ఓ యుగం.

ఆ పావుగంటలో పిల్లలు పడ్డ పాట్లు చూసి పరిశోధకులకు నవ్వాగలేదు. కొందరు చేతులతో కళ్లు మూసుకున్నారు. కొందరు వెనక్కి తిరిగి కూర్చున్నారు. పాటలు పాడుకున్నవారు, తమతో తామే కబుర్లు చెప్పుకున్నవారు, కాళ్లూ చేతులతో ఆటలు కనిపెట్టినవారు, నిద్రపోదామని చూసినవారు... అందరూ ఉన్నారు. ఓ బుడతడైతే అటూఇటూ చూసి, క్రీమ్ బిస్కెట్‌ను రెండుగా విడదీసి, మధ్యలో తీపంతా నాకేసి, మళ్లీ అతికించి ఏమీ ఎరగనట్టు పళ్లెంలో పెట్టేశాడు!

కిటుకు తెలిస్తే చాలు
నవ్వుకుని ఊరుకుంటే అది పరిశోధన కాదు. ఎవరు ఆగారన్నదానికంటే ఎలా ఆగారన్నదే మిషెల్‌కు ముఖ్యం. అందుకే ప్రతిసారీ పరిస్థితిని కొంచెం మార్చి చూశారు. 1970లో ప్రకటించిన ప్రయోగంలో తాయిలం కళ్లముందున్నప్పుడు పిల్లలు సగటున ఒక్క నిమిషం ఆగారు. దాన్ని కనపడకుండా పెడితే? పదకొండు నిమిషాలు! పిల్లలు అలాంటివాళ్లే, వయసు అదే, ఆశ అదే. మారిందల్లా బల్లమీది పళ్లెం ఒక్కటే.

తర్వాతి ప్రయోగాల్లో ఇంకా చిత్రాలు బయటపడ్డాయి. తాయిలం ఎదురుగానే ఉన్నా, సరదా సంగతులు తలుచుకోమని ముందే చెబితే పిల్లలు చాలాసేపు ఆగారు. మార్ష్‌మాలోను మిఠాయి అనుకోకుండా తెల్లటి మబ్బు అనుకోమంటే ఆగారు. అది ఎంత తియ్యగా, ఎంత మెత్తగా ఉంటుందో ఊహించుకోమంటే మాత్రం ఇట్టే గంట కొట్టేశారు. ఎదురుగా ఉన్న అసలు మిఠాయినే ఫొటోగా భావించి, మనసులోనే దాని చుట్టూ ఓ ఫ్రేమ్ కట్టుకోమన్నప్పుడూ ఆగగలిగారు. ఎలా ఆగావని అడిగితే, బొమ్మను తినలేం కదా అని తేల్చిచెప్పింది ఓ చిన్నారి.

నిగ్రహమంటే పళ్లు బిగబట్టి కూర్చోవడం కాదు, మనసును పక్కకు మళ్లించే నేర్పు అని దీన్నిబట్టి తేలింది. ‘వేడి’ ఆలోచనను ‘చల్లార్చడం’ అన్నారు దాన్ని మిషెల్. నేర్పు కాబట్టి నేర్పించవచ్చు. షార్లెట్ ప్యాటర్సన్‌తో కలిసి చేసిన మరో ప్రయోగంలో ఇదే రుజువైంది. పిల్లలకు విసుగు పుట్టించే ఓ పని అప్పగించి, పక్కన ‘మిస్టర్ క్లౌన్’ అనే మాట్లాడే జోకర్ పెట్టెను పెట్టారు. ఆడుకుందాం రమ్మని అది పిలుస్తుంటుంది. ‘అది పిలిస్తే, రాను, నాకు పనుంది అని చెప్పు’ అని ముందుగా ఓ మాట నేర్పిన పిల్లలు మిగిలినవాళ్లకంటే ఎక్కువసేపు పనిలో ఉన్నారు. ‘బుద్ధిగా ఉండు’ అన్న ఉత్తి మాట కంటే, ఫలానాది జరిగితే ఫలానా విధంగా చెయ్యి అన్న స్పష్టమైన ఉపాయం పిల్లలకు ఎక్కువ పనికొస్తుంది.

ఈ పాఠం పంతులుగారికీ అవసరమైంది. మిషెల్ రోజుకు మూడు పెట్టెల సిగరెట్లు కాల్చేవారు. పైగా పైపు. ఓరోజు ఆసుపత్రి నడవాలో, ఒళ్లంతా క్యాన్సర్ పాకిన రోగిని చక్రాల మంచంమీద తీసుకెళ్తుంటే చూశారు. రేడియేషన్ ఎక్కడ ఇవ్వాలో తెలిసేలా ఆ మనిషి ఒంటిమీద ఆకుపచ్చ గుర్తులు పెట్టి ఉన్నాయి. సిగరెట్టు మీద మనసుపోయినప్పుడల్లా ఆ దృశ్యాన్నే గుర్తుచేసుకునేవారు. దాంతోపాటు మూడేళ్ల కూతురితో ఓ ఒప్పందం కుదుర్చుకున్నారు. నువ్వు బొటనవేలు చీకడం మానెయ్, నేను పైపు మానేస్తా! ఇద్దరూ మాట నిలబెట్టుకున్నారు.

నర్సరీ పిల్లలు పెద్దయ్యాక...
కూతుళ్లు పెరుగుతుంటే భోజనాల దగ్గర వాళ్ల నర్సరీ స్నేహితుల ముచ్చట్లు దొర్లేవి. అప్పుడు బాగా ఆగిన పిల్లలు ఇప్పుడు బాగా రాణిస్తున్నట్టుందే అని మిషెల్‌కు అనుమానమొచ్చింది. 1980ల మొదట్లో ఆనాటి పిల్లల తల్లిదండ్రులకు ప్రశ్నపత్రాలు పంపారు. అనుమానం నిజమైంది. తాయిలం కళ్లముందుండగా, ఎవరూ ఏ ఉపాయమూ చెప్పకుండానే ఎక్కువసేపు ఆగిన పిల్లలకు కాలేజీ ప్రవేశ పరీక్షలో మెరుగైన మార్కులు వచ్చాయి. ఒత్తిడిని బాగా తట్టుకుంటున్నారని తల్లిదండ్రులు చెప్పారు. 1990లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. నలభై ఏళ్ల తర్వాత కొందరి మెదళ్లను స్కాన్ చేసి 2011లో ప్రకటించిన పరిశోధనలోనూ, నిగ్రహం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మెదడు పనితీరులో తేడా కనిపించింది.

ఇక ప్రచారం ఊపందుకుంది. ‘నాలుగేళ్లప్పుడు మిఠాయి ముందు ఆగినవాడే జీవితంలో గెలుస్తాడు’ అంటూ వ్యక్తిత్వ వికాస పుస్తకాలు ఊదరగొట్టాయి. తల్లిదండ్రులు ఇంట్లోనే బిస్కెట్టు పెట్టి పిల్లలకు పరీక్షలు మొదలెట్టారు. మనిషిని ఒక్క ముక్కలో తేల్చొద్దని జీవితమంతా చెప్పిన శాస్త్రవేత్త పేరుమీదే, పావుగంటలో పసివాడి భవిష్యత్తును తేల్చేసే పరీక్ష చలామణి అయిపోయింది!

కోపం ఎప్పుడొస్తుంది?
మరి వ్యక్తిత్వాన్ని వెతకాల్సిన అసలు చోటు? 1983లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి మారిన మిషెల్, జపాన్‌లో పుట్టిన తన శిష్యుడు యుయిచి షోడా, మరో పరిశోధకుడు జాక్ రైట్‌లతో కలిసి దాన్ని చూపించారు. న్యూహ్యాంప్‌షైర్ రాష్ట్రంలో, ప్రవర్తన సమస్యలున్న పిల్లల కోసం నడిచే ఆరు వారాల వేసవి శిబిరమే వారి ప్రయోగశాల. 84 మంది పిల్లలు. ఒక్కొక్కరినీ సగటున 167 గంటలు గమనించారు. 1994లో ఫలితాలు ప్రకటించారు.

ఇద్దరు పిల్లలున్నారనుకుందాం. రోజుకు ఎన్నిసార్లు కొట్లాటకు దిగారో లెక్కేస్తే ఇద్దరూ సమానమే. పాత పద్ధతిలో అయితే ఇద్దరిమీదా ‘కోపిష్టి’ అన్న ముద్రే. కానీ వివరంగా చూస్తే ఒకడు పెద్దవాళ్లు మందలించినప్పుడు మండిపడుతున్నాడు, తోటిపిల్లలతో బాగానే ఉంటున్నాడు. రెండోవాడు పెద్దల మందలింపును పట్టించుకోడు కానీ తోటిపిల్లలు స్నేహంగా దగ్గరికొచ్చినా విరుచుకుపడుతున్నాడు. ఈ తీరు మాత్రం మళ్లీమళ్లీ అలాగే కనిపించింది. ‘ఇలా జరిగితే ఇలా చేస్తాడు’ అన్న ఈ వరసే మనిషి అసలు సంతకమన్నారు మిషెల్. కోపం ఎంత అని కాదు, ఎప్పుడు, ఎవరిమీద, దేనికి అని అడగాలి. ఇద్దరికీ ఒకే మందు వేస్తే ఒక్కడికీ తగ్గదు. 1995లో మిషెల్, షోడాలు దీన్నే ఓ సిద్ధాంతంగా తీర్చిదిద్దారు. ‘మనిషా, పరిస్థితా’ అన్న పాత తగువుకు అది ఓ మంచి జవాబు. రెండూ విడివిడిగా లేవు. పరిస్థితికి మనిషి స్పందించే తీరులోనే అతని వ్యక్తిత్వం ఉంది.

పరీక్షకే పరీక్ష
2011లో ప్రతిష్ఠాత్మకమైన గ్రామెయర్ పురస్కారం మిషెల్‌ను వరించింది. 2013లో ‘సెసమీ స్ట్రీట్’ టీవీ కార్యక్రమంలో బిస్కెట్లంటే పడిచచ్చే కుకీ మాన్‌స్టర్‌కు నిగ్రహం నేర్పడానికి సలహాలిచ్చారు. 2014లో 84 ఏళ్ల వయసులో, సామాన్య పాఠకుల కోసం ‘ద మార్ష్‌మాలో టెస్ట్’ అనే పుస్తకం రాశారు. ఒక పిల్లాడు ఆగలేకపోయినంత మాత్రాన వాడి తలరాత తేలిపోయినట్టు కాదని అందులోనూ, బయటా పదేపదే చెప్పారు.

ఆ సమయానికే కొత్త తరం పరిశోధకులు ఆ పరీక్షనే పరీక్షకు పెట్టారు. 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్టే కిడ్ బృందం ముందుగా పిల్లలకు మంచి రంగులూ స్టిక్కర్లూ తెస్తామని చెప్పింది. కొందరికి తెచ్చిచ్చారు. కొందరికి ఇవ్వలేదు. ఆ తర్వాత మార్ష్‌మాలో పెడితే, మాట నిలబెట్టుకున్నవారి దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పినవారి దగ్గర మూడు నిమిషాలే! ట్రినిడాడ్‌లో మిషెల్‌కు తోచిన సంగతే మళ్లీ రుజువైంది. మాట మీద నమ్మకం లేనిచోట ఆగకపోవడం బలహీనత కాదు, తెలివి.

2018లో టైలర్ వాట్స్ బృందం 900 మందికి పైగా పిల్లల వివరాలు పరిశీలించింది. స్టాన్‌ఫర్డ్ నర్సరీలో చదివింది ఎక్కువగా ప్రొఫెసర్లు, చదువుకున్నవారి పిల్లలు. 1990 పరిశోధనలో మార్కుల లెక్కకు ఆధారమైంది వారిలోనూ 35 మందే. కొత్త పరిశోధనలో అన్నిరకాల కుటుంబాలవారూ ఉన్నారు. ఆగిన సమయానికీ తర్వాతి చదువుకూ సంబంధం ఉన్నమాట నిజమే కానీ అది మునుపు చెప్పినదాంట్లో సగమే. కుటుంబ పరిస్థితులూ పిల్లల తొలినాటి తెలివితేటలూ లెక్కలోకి తీసుకుంటే ఆ సగంలోనూ మూడింట రెండొంతులు కరిగిపోయింది. కామెరూన్ దేశంలో న్సో తెగ రైతుల పిల్లలు, జర్మనీ పిల్లల కంటే ఎంతో ఎక్కువమంది రెండో తాయిలం దాకా ఆగగలిగారని అదే ఏడాది మరో పరిశోధన చెప్పింది. జపాన్ పిల్లలు తిండి ముందు బాగా ఆగుతారనీ, అమెరికా పిల్లలు చుట్టిపెట్టిన కానుక ముందు బాగా ఆగుతారనీ 2022లో తేలింది. భోజనం అందరూ కూర్చున్నాకే మొదలెట్టడం అక్కడి అలవాటు. పుట్టినరోజు కానుక సమయం వచ్చాకే విప్పడం ఇక్కడి అలవాటు. ఓపిక కూడా ఇంటి నుంచే వస్తుందన్నమాట.

క్లోమ క్యాన్సర్‌తో 2018 సెప్టెంబరు 12న న్యూయార్క్‌లో కన్నుమూశారు మిషెల్. అప్పటికి ఆయన వయసు 88. పోయేముందు ఆయన మరో పరిశోధనలో భాగస్వామిగా ఉన్నారు. ఆనాటి బింగ్ నర్సరీ పిల్లలు నడివయసుకు చేరాక వాళ్ల సంపాదన, అప్పులు, ఆస్తులు, ఆరోగ్యం ఎలా ఉన్నాయో చూడటం దాని ఉద్దేశం. ఏం లెక్కించాలో ముందే రాసిపెట్టుకుని మరీ మొదలెట్టారు, తర్వాత అనుకూలంగా మార్చుకునే వీల్లేకుండా. 2020లో ఫలితాలు వెలువడ్డాయి. నాలుగేళ్లప్పుడు మిఠాయి ముందు ఎన్ని నిమిషాలు ఆగారన్నది, నడివయసు జీవితం గురించి చెప్పుకోదగ్గదేమీ చెప్పలేదు.

తన పేరుతో లోకం పాతుకుపోయేలా చేసిన నమ్మకం నిలవదని చెప్పిన ఆ పరిశోధన పత్రం మీద వాల్టర్ మిషెల్ పేరు కూడా ఉంది. ఒకరకంగా అది ఆయన ఓటమి కాదు. 1968లో ఆయన మొదలెట్టిన వాదానికి, ఆయన పోయాక దక్కిన గెలుపు. ఏ పరీక్షా మనిషిని పూర్తిగా చెప్పలేదు. చివరికి తాను పెట్టిన పరీక్షయినా సరే.

కాబట్టి ‘వాడంతే’ అని నోటిదాకా వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి చూడండి. ఎప్పుడలా చేస్తున్నాడు? ఎవరితో? అంతకుముందు ఏం జరిగింది? మనం వాడికిచ్చిన మాటల్లో ఎన్ని నిలబెట్టుకున్నాం? ఆ జవాబులు దొరికితే, మొండి అనుకున్న పిల్లాడు మరోలా కనిపించవచ్చు.